బందరులో మా మామ సముద్రస్నానం

బందరు పోయి వచ్చిన దగ్గర నుంచి మా నారాయణఖేడ్‌లో నన్ను పలకరించే ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న, సముద్రం ఎట్లా ఉంటుందని. సముద్రపు ఒడ్డున నేను రెండు పూటలు ఉన్న మాట నిజమే. కాని ఆ రెండు పూటలూ మా మామ పోగొట్టుకున్న వస్తువు కోసం కాళ్ళ కింది బురదలోకి చూస్తూ ఉన్నాను. తలెత్తి సముద్రాన్ని చూసే భాగ్యం నాకు కలగలేదు. అడిగినవాళ్ళకు ఈ సంగతి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది కనుక, అంతా ఒకసారి రాసి పెడుతున్నాను. ఇక మీదట అడిగేవాళ్ళ చేతిలో ఈ కాగితాలు పెట్టి నా పని నేను చూసుకుంటాను.

హకీం చెప్పిన మందు

మా మామ శివరాయప్పది నాగల్‌గిద్ద దగ్గర పల్లె. జొన్న, కంది పండిస్తాడు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు మాట్లాడే లింగాయతులం మేము. నాకు ఖేడ్ బజారులో పప్పుల దుకాణం ఉంది. పిల్లనిచ్చిన మామ కదా అని దుకాణానికి వచ్చినప్పుడల్లా పెద్దపీట వేస్తాను. ఆయన ఆ పీట మీద కూర్చుని, నా పప్పు బాగాలేదని నా గిరాకీలకే చెబుతాడు.

ఆయన కాళ్ళకు రెండేళ్ళుగా దురద. చెట్టు మందులు, పసుపు, వేపాకు అన్నీ అయిపోయాక మా ఊరి హకీం, మూడు పొద్దులు సముద్రపు ఉప్పునీళ్ళలో మునిగితే పోతుందన్నాడు. ఆ హకీం పుట్టిన దగ్గర నుంచి మంజీర దాటి అవతలికి పోయినవాడు కాడు. సముద్రం గురించి ఆయనకు ఎంత తెలుసో మా దుకాణంలోని తక్కెడకూ అంతే తెలుసు. అయినా మామ మరునాడే మూట కట్టుకుని మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"తోల్కపోతవా అల్లుడా, నన్నొక్కన్నే పొమ్మంటవా?" అన్నాడు.

తలుపు చాటున నిలబడి మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపుకు జవాబు చెప్పగలిగిన మగవాడు మా తాలూకాలో లేడు. నేను దుకాణం మూసి బయలుదేరాను.

జహీరాబాద్ దాకా

మామ ప్రయాణానికి కొన్ని షరతులు పెట్టాడు. లింగాయతుల చేతి వంట తప్ప ముట్టడు. దారిలో అటువంటి ఇళ్ళు దొరకవు కనుక వంట నేను చెయ్యాలి. అందుకని కాల్చిన జొన్నరొట్టెలు, జొన్నపిండి, కందిపప్పు, కారప్పొడి, రొట్టెల పెంక, ఆయన నీళ్ళ చెంబు అన్నీ ఒక గోనెలో కట్టాము. గోనె మోసేవాణ్ణి నేను. ఆయన చేతికర్ర మాత్రం ఆయనే పట్టుకున్నాడు.

జహీరాబాద్ దాకా ఎడ్లబండి. సాయంత్రం వచ్చే రైలు కోసం ఆయన నన్ను పొద్దున్నే స్టేషనులో కూర్చోబెట్టాడు. రైలు జల్దీ వస్తే ఏం చేస్తావని అడిగాడు. నిజాం ప్రభువు వారి రైలు జల్దీ రావడం నేను ఎన్నడూ చూడలేదని చెప్పినా వినలేదు. ఎండలో కూర్చుని కూర్చుని నాకు తలనొప్పి పట్టుకుంది. ఆయన మాత్రం గోనెకు ఆనుకుని హాయిగా నిద్రపోయాడు.

సరిహద్దు

హైదరాబాదులో రైలు మారి, కాజీపేట మీదుగా ఇంగ్లీషువారి ఇలాకాలో దిగేలోగా కరోడ్‌గిరి వాళ్ళ తనిఖీ ఉంటుంది. సరుకు మీద సుంకం వసూలు చేసేవాళ్ళు వీళ్ళే. జవాను మా గోనె విప్పి, అంత కందిపప్పు చూసి, వ్యాపారమా అని అడిగాడు. కాదన్నాను. ఏం పని చేస్తావన్నాడు. పప్పుల దుకాణం అని చెప్పక తప్పలేదు. ఆ తరువాత నా మాట ఎవడు నమ్ముతాడు?

మామ కలగజేసుకుని, ఇది మేమిద్దరం తినడానికేనని, మేము పప్పు గట్టిగా తింటామని గంభీరంగా చెప్పాడు. జవాను మా ఇద్దరి పొట్టల వైపూ చూసి సుంకం చీటీ రాశాడు. అవతల మన నిజాం హాలీ సిక్కా చెల్లదు కనుక ఇంగ్లీషువారి కల్దారు రూపాయలకు మార్చుకోవాలి. ఆ మార్పిడిలో షరాబు కోసుకున్నది కోసుకోగా, సుంకం కూడా నా మీదే పడింది. మామ డబ్బు సంచీ మొలలో ఉంది, అక్కడి నుంచి అది కదలలేదు.

బెజవాడ

బెజవాడలో దిగేసరికి ఒళ్ళంతా చెమట. మన వైపు ఎండ మాడుస్తుంది గాని ఇట్లా ఉడకబెట్టదు. చొక్కా పిండితే నీళ్ళు కారాయి. గోనె విప్పి చూస్తే, పది రోజులైనా చెడని మన జొన్నరొట్టెలకు బూజు పట్టింది. మామ ఆ బూజును గోటితో గీకి తినబోతే నేనే లాక్కుని పారేశాను.

కృష్ణ ఒడ్డున నిలబడి, ఇంత పెద్ద నది కంటే సముద్రం ఏం ఎక్కువ, ఇక్కడే మూడు మునకలు వేసి తిరిగి పోదామని నేను మెల్లగా అన్నాను. మామ వంగి, కొంచెం నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. ఉప్పు లేదన్నాడు. ముందుకు నడిచాడు.

బందరు

ఇంకో రైలెక్కి బందరులో దిగితే, జట్కావాడు మమ్మల్ని చూడగానే, తమరు ఎక్కడికి దయచేస్తారు బాబూ అన్నాడు. అంత మర్యాద చేస్తున్నాడంటే కిరాయి ఎక్కువ అడుగుతాడని మామ నా చెవిలో చెప్పాడు. ఈ ప్రయాణం మొత్తం మీద ఆయన మాట నిజమైంది అక్కడ ఒక్కచోటే.

శివాలయం దగ్గరి సత్రంలో దిగాము. సత్రం చూసే వెంకట్రామయ్య మంచివాడు. ఆయనతో వచ్చిన చిక్కల్లా, ఏ మాట మొదలుపెట్టినా గోల్కొండ పాదుషాల దాకా పోయి గాని వెనక్కి రాడు. ఒకప్పుడు గోల్కొండ వజ్రాలూ బట్టలూ ఈ రేవులోనే ఓడలెక్కాయట. మక్కా పోయే యాత్రికులూ ఇక్కడి నుంచే పోయేవారట. ఆ వ్యాపారానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కొక్క పేట కట్టుకున్నారు. వలందావాళ్ళు, అంటే డచ్చివాళ్ళ పేరు మీద ఒక పాలెం, ఫ్రెంచివాళ్ళైన పరాసులకొక పేట, ఇంగ్లీషువాళ్ళకొక పాలెం. ఇప్పుడు ఆ పేటల్లో మనవాళ్ళే ఉంటున్నారు. వలందావాళ్ళ సమాధులు మాత్రం మిగిలాయి. నల్లరాళ్ళ మీద ఓడలూ కవచాలూ చెక్కి ఉన్నాయి. వాటి మధ్య మేకలు మేస్తున్నాయి.

సమాధుల దగ్గర మామ ఆగి, ఇంత దూరం వచ్చి చచ్చిపోయారే అని జాలిపడ్డాడు. మా ప్రయాణం గురించి నాకూ సరిగ్గా అదే అనిపిస్తున్నదని పైకి అనలేదు.

దారిలో అద్దకం వాళ్ళ ఇళ్ళు చూశాము. చెక్క అచ్చులతో బట్ట మీద పూలూ నెమళ్ళూ అద్ది, వేరు నుంచి తీసిన ఎరుపులో ఉడకబెట్టి, కాలువ నీళ్ళలో జాడిస్తారు. మా ఆవిడకు ఒక దుప్పటి కొందామని బేరం ఆడాను. మామ ఆ దుప్పటిని చేత్తో నలిపి, దీనికంటే మా గొంగడి వెచ్చగా ఉంటుందని అద్దకందారు ముఖం మీదే చెప్పాడు. ఆ ఉక్కలో వెచ్చదనం ఎవడికి కావాలి? దుప్పటి లేకుండా తిరిగి వచ్చాము.

తిండి సంగతి చెప్పాలంటే, అక్కడ మూడు పూటలా అన్నమే. మన పుంటికూరనే వాళ్ళు గోంగూర అంటారు. ఎండుమిరపకాయలు వేసి నూరి, పైన నూనె తేలేటట్టు చేస్తారు. వెంకట్రామయ్య పెట్టిన దాన్ని నేను గిన్నె తుడుచుకుని తిన్నాను. మామ నేను కాల్చిన రొట్టె తింటూ, ఒక పక్క మాడిందన్నాడు.

మంగినపూడి

సముద్రం ఊళ్ళో ఉండదు. ఊరికీ నీళ్ళకూ మధ్య ఉప్పుపర్రలు, బురద కాలువలు, మోకాళ్ళ ఎత్తు వేళ్ళు బయటికి పెట్టుకుని నిలబడే మడచెట్లు. స్నానానికి మంగినపూడి పోవాలి. సోమవారం తెల్లవారగానే బండి కట్టించుకుని తాటితోపుల మధ్య నుంచి పోయాము. అక్కడ తెల్లటి ఇసుక లేదు, నల్లటి ఒండు. అడుగు వేస్తే మడమ దిగబడుతుంది. ఎర్రటి పీతలు మనల్ని చూసి బొక్కల్లోకి దూరతాయి. నీళ్ళు చాలా దూరం దాకా మోకాలి లోతే.

ఆ మోకాలి లోతే మా కొంప ముంచింది.

మా వాళ్ళ సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. లింగాయతు పుట్టగానే గురువు లింగం కడతాడు. రేగిపండంత నల్లటి లింగం, దాన్ని పెట్టుకునే వెండి భరిణె, దాన్నే కాయ అంటాము, మెడలో దారం. పోయినప్పుడు అదీ మనతోనే పోతుంది. రోజూ స్నానం చేసి, లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని పూజ చేసి గాని మా మామ పచ్చి మంచినీళ్ళు ముట్టడు. పండుగలకు మంజీరకు పోతే ఏట్లోనే, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆ పూజ చేస్తాడు. మంజీర మర్యాద తెలిసిన ఏరు, ఆయన కళ్ళు మూసుకుంటే ఆయన చుట్టూ తిరిగి పోతుంది.

సముద్రంలోనూ ఆయన అదే చేశాడు. మూడు మునకలు వేసి, కాయ విప్పి, లింగాన్ని అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. నేను ఒడ్డున ఆయన పంచె ఆరవేస్తున్నాను. వెనక నుంచి వచ్చిన అల ఏమంత పెద్దది కాదు. ఆయన తూలి, కర్ర కోసమన్నట్టు రెండు చేతులూ చాపాడు. కళ్ళు తెరిచేసరికి అరచెయ్యి ఖాళీగా ఉంది.

ఆయన అరవలేదు. చేతిని అట్లాగే పట్టుకుని నా వైపు చూశాడు. అప్పటి దాకా నాకు ఆయన మీద ఎంత కోపం ఉన్నా, ఆ చూపు చూసి పంచె అక్కడే పారేసి నీళ్ళలోకి పరుగెత్తాను.

వల వేసే గంగయ్య అనే పల్లెకారు అక్కడే ఉన్నాడు. సంగతి విని తనవాళ్ళను పిలిచాడు. సన్నకంటి వలలు తెచ్చి ఈడ్చారు. ఆడవాళ్ళు బుట్టలతో ఒండు ఎత్తి కడిగి చూశారు. పీతలు, గవ్వలు, రొయ్యలు, విరిగిన కుండ పెంకులు వచ్చాయి. చేపల వాసన వస్తే వీధి మారిపోయే మా మామ వాళ్ళ బుట్టల మధ్య కూర్చుని, వచ్చిన ప్రతి గులకరాయినీ చేతిలోకి తీసుకుని చూశాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆటు తీసి, పోటు మళ్ళీ పైకి వచ్చింది. మరునాడు పొద్దున్నే నేనొక్కణ్ణీ వచ్చి మళ్ళీ వెతికించాను. గంగయ్య ఆ రెండు పొద్దులూ తన వేట మానుకున్నాడు. చివరికి, సముద్రం పెద్దవాటిని ఒడ్డుకు వేస్తుంది గాని ఇంత చిన్నదాన్ని తిరిగి ఇవ్వదు బాబూ అని నెమ్మదిగా చెప్పాడు.

సత్రంలో

లింగం పోతే మా వాళ్ళలో నిష్ఠ గలవాళ్ళు చేసే పని ఒకటే. అది దొరికేదాకా, లేదా గురువు మళ్ళీ కట్టేదాకా, అన్నం గాని నీళ్ళు గాని ముట్టరు. మామ సోమవారం సత్రం అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నవాడు మంగళవారం మధ్యాహ్నానికీ అక్కడే ఉన్నాడు. ఆ ఉక్కలో నీళ్ళు లేక పెదవులు పగిలాయి. చెంబు దగ్గరికి తీసుకుపోతే "బేడ" అన్నాడు. కన్నడంలో వద్దని. కష్టం వస్తే ఆయనకు తెలుగు రాదు.

నేను బతిమాలాను, కోప్పడ్డాను. ఖేడ్ చేరేలోగా నీ ప్రాణం పోతే నీ బిడ్డకు నేనేం ముఖం చూపించాలని అడిగాను. మా మఠం బీదరు అవతల, మా అయ్యగారు కడితేనే కట్టుకుంటానని ఒకే మాట. రైళ్ళు మారి, బండెక్కి అంత దూరం పోయేదాకా అరవై దాటిన మనిషి చుక్క నీళ్ళు లేకుండా బతుకుతాడా? ఆయన ఎదుట తినలేక, తినకుండా ఉండలేక నేను వంటింట్లో గోడవైపు తిరిగి ఇంత అన్నం మింగాను. మధ్యలో వెంకట్రామయ్య వచ్చి, తాతల కాలంలో ఉప్పెన వచ్చి సముద్రం ఊరి మీద పడ్డప్పుడు ఈ సత్రం గోడ మీద నీళ్ళు ఎంత ఎత్తు నిలిచాయో చెయ్యి పెట్టి చూపించాడు. అప్పుడు ఎంతోమంది కొట్టుకుపోయారని, మిగిలినవాళ్ళ సంతానమే తామని చెప్పాడు. ఇంకొకప్పుడైతే శ్రద్ధగా వినేవాణ్ణే. ఆ పూట మాత్రం ఆయన నోరు ఎట్లా మూయించాలా అని చూశాను.

అయినా నాకు సాయం చేసింది ఆయనే. బందరులోనూ లింగం కట్టే జంగాలున్నారని చెప్పి, చెన్నయ్య అనే జంగమయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. సన్నటి మనిషి, భుజాన జోలె, చేతిలో గంట, శంఖం. చావు ఇళ్ళకు పోయి శంఖం ఊది బతికేవాడు. మామ లేచి నమస్కారమైతే చేశాడు గాని, కడతానంటే ఒప్పుకోలేదు. మాది వేరే మఠం, నీ భాష వేరు, నీ చేత కట్టించుకోనని చెప్పేశాడు. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది.

చెన్నయ్య వాదించలేదు. జోలె దించి ఎదుటి అరుగు మీద కూర్చున్నాడు. వెంకట్రామయ్య విస్తరి వేయబోతే వద్దన్నాడు. చాలాసేపు ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరినొకరు చూడకుండా కూర్చున్నారు. ఒక మొండివాడితోనే నా తల ప్రాణం తోకకు వస్తుంటే ఇప్పుడు ఇద్దరయ్యారు. చివరికి మామే ఉండబట్టలేక, నువ్వెందుకు తినవని అడిగాడు.

"జంగమానికి భక్తుడు పెట్టాలి పెద్దాయనా. ఈ సత్రంలో ఇవాళ భక్తుడివి నువ్వే. నువ్వు పెడితే తింటాను, లేకపోతే పస్తుంటాను. నాకు తొందరేమీ లేదు" అన్నాడు చెన్నయ్య.

నేను అమాయకంగా, నేనూ లింగం కట్టుకున్నవాణ్ణే, నేను పెడతానన్నాను. ఇంటి పెద్ద ఎదురుగా ఉండగా నువ్వెవరివయ్యా అన్నట్టు చెన్నయ్య ఒక చూపు చూశాడు. అప్పుడు గాని ఆయన ఎత్తు నాకు తెలియలేదు. గడపలో జంగముడు ఆకలితో కూర్చుంటే భక్తుడికి అంతకంటే పాపం లేదు. కాని లింగం లేని చేతితో జంగమానికి వడ్డించకూడదు. వడ్డించాలంటే ముందు లింగం కట్టించుకోవాలి. కట్టడానికి ఆ ఊళ్ళో ఉన్నది ఆ చెన్నయ్యే.

మామ తాను చావడానికి సిద్ధపడ్డాడు గాని, ఇంకొకరిని పస్తు పెట్టడానికి సిద్ధపడలేదు. నీడ అరుగు దిగి వాకిట్లోకి పోయేదాకా గిలగిలలాడాడు. ఆఖరుకు నా వైపు తిరిగి, "గా అయ్యకు కాళ్లు కడుగ నీళ్లు తే" అన్నాడు.

చెన్నయ్య ఇంటికి కబురు పెడితే, ఆయన కూతురే చిన్న ఇత్తడి భరిణె పట్టుకుని నడిచి వచ్చింది. నెలలు నిండుతున్న మనిషి. ఎండకు ముఖం కందిపోయింది. భరిణెలో లింగం ఉంది. ఇది ఎవరి కోసం తెచ్చిందమ్మా అని మామ అడిగాడు. తన కడుపులో బిడ్డ కోసం నాన్న శ్రీశైలం నడిచి పోయి తెచ్చాడని చెప్పింది. మామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పసివాడిది నేను తీసుకోవడమేమిటని మళ్ళీ మొదలుపెట్టాడు. నేను నెత్తి పట్టుకున్నాను.

ఆ పిల్ల నవ్వింది. "వీడి తిండి ఇంకా నేనే తింటున్నాను గదండీ. మీరు కట్టుకుని భోంచెయ్యండి" అంది.

మామ లేచాడు. స్నానం చేసి వచ్చి చెన్నయ్య ఎదుట కూర్చున్నాడు. చెన్నయ్య మంత్రం చెవిలో చెప్పి, లింగాన్ని అరచేతిలో పెట్టాడు. ఆయన పాదాలు కడిగిన నీళ్ళు తీర్థంగా తీసుకున్నాడు మామ. అదే ఆయన గొంతు దిగిన మొదటి గుక్క. ఆ తరువాత ముందు చెన్నయ్యకు, ఆ పిల్లకు వడ్డించాడు. అన్నం, గోంగూర, వెంకట్రామయ్య వంటింట్లో వండినవే. తనూ విస్తరి ముందు కూర్చుని ఆ అన్నమే తిన్నాడు. ఎవరు వండారని అడగలేదు. నేను పెరట్లోకి పోయి బావి గట్టున కూర్చుని ఏడ్చాను. కోపంతో ఏడ్చానో సంతోషంతో ఏడ్చానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఖేడ్

తిరిగి వచ్చాక హకీం దురద సంగతి అడిగాడు. మూడు పొద్దులకు గాను ఒక్క పొద్దే మునిగాడని చెబితే, మరి అందుకే తగ్గలేదని తల ఊపాడు. ఆయనను నేను ఏమీ అనలేదు. ఆ ఓపిక నాకు ఎట్లా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

మామ తన పల్లెకు పోలేదు. ఖేడ్ చేరగానే నా దుకాణం పీట మీద కూర్చుని, మఠానికి మనిషిని పంపి ఒక లింగం తెప్పించాడు. దానికి వెండి కాయ, పట్టుదారం తన డబ్బుతోనే కొన్నాడు. ఆయన మొలలోని సంచీ విప్పడం నేను కళ్ళారా చూసింది అదే మొదటిసారి. బీమా చేసి టపాలో పంపుదామని అన్నాను. వినలేదు. పోస్టులో పంపిస్తే దేవుడు కూడా మూటే అవుతాడట.

"ఆ పిల్లకు నెలలు నిండినయ్ అల్లుడా. బిడ్డ పుట్టిన పొద్దుకు మనం ఆడ ఉండాలె. ఆని సొమ్ము నా మెడల ఉన్నది" అన్నాడు.

లోపల ఇంట్లో మా ఆవిడ అప్పుడే మళ్ళీ మా దారికి జొన్నపిండి జల్లిస్తున్న చప్పుడు వినిపిస్తున్నది.